తేలే బల్ల ఎవరిది

పక్క నుంచి ఎవరో నీళ్ళ సీసా పట్టుకుని నడిచి వెళ్తుంటే వెనింగ్ తను గీస్తున్న కాగితాన్ని బోర్లా తిప్పి, దాని మీద రెండు మోచేతులూ ఆనించి కూర్చుంది. ఆ మనిషి దాటిపోయాక మళ్ళీ కాగితం తిప్పి పెన్సిల్ అందుకుంది.

"తెహ్, గుడ్ల మీద కూర్చున్న కోడిలా ఉన్నావు," అన్నాడు తిస్నా. "ఆయన వాచ్‌మన్. మన బొమ్మ ఎత్తుకెళ్ళి ఏం చేసుకుంటాడు?"

"వాచ్‌మన్ అని నీకెవరు చెప్పారు?"

"చొక్కా మీద రాసుంది."

"చొక్కా మీద ఏదైనా రాయించుకోవచ్చు."

వెనింగ్ ఒక బిస్కట్ల కంపెనీలో డబ్బాలకు ఆకారాలూ బొమ్మలూ తయారుచేసే డిజైనర్. తిస్నా ఆమె పిన్ని కొడుకు, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. తెహ్ అంటే అక్కడి మాటలో అక్క, అందరిలాగే అతనూ అలాగే పిలుస్తాడు, కాకపోతే వెటకారం పాలు కాస్త ఎక్కువ. బాండుంగ్‌లో డిజైనర్ల పోటీ ఎక్కడ జరిగినా ఇద్దరూ కలిసే వెళ్ళేవాళ్ళు. ఈసారి పోటీ రైలు పట్టాల పక్కనున్న పాత గోదాములో పెట్టారు. రేకుల కప్పు, తెల్ల సున్నం గోడలు, వరసగా టేబుళ్ళు, ప్రతి టేబుల్ మీదా అట్టలు, కత్తెరలు, జిగురు, రంగు కాగితాలు. మొదటి రోజు పొద్దున విషయం చెబుతారు. మర్నాడు సాయంత్రానికల్లా గీసిన బొమ్మా, అట్టతో చేసిన నమూనా పట్టుకుని వేదిక ఎక్కాలి. తెర మీద గడియారం వెనక్కి నడుస్తూ అందరి గుండెల్నీ దడదడలాడిస్తూ ఉంటుంది.

ఇంట్లోకి వరద నీళ్ళు వచ్చినప్పుడు పనికొచ్చే వస్తువు ఒకటి తయారుచేయాలి. అదీ విషయం. చితారుమ్ నది పక్క బలెందా లాంటి పేటల్లో ఏటా నీళ్ళు గడప దాటి లోపలికి వస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఖర్చంతా ఒక ప్లాస్టిక్ సామాన్ల కంపెనీది. బకెట్లూ కుర్చీలూ చేసే కంపెనీకి ఉన్నట్టుండి వరద బాధితుల మీద ఇంత ప్రేమ ఎందుకొచ్చిందని వెనింగ్ లోపలికి అడుగు పెట్టకముందే అనుమానపడింది.

ఆమె అనుమానాలకు ఒక పుట్టుక ఉంది. రెండేళ్ళ కిందట ఇలాంటి పోటీలోనే వెదురు పుల్లలతో ఒక దీపం చేసింది. మడిస్తే విసనకర్రలా చేతిలో ఇమిడిపోయేది. బహుమతి రాలేదు, ఆమె కూడా మర్చిపోయింది. ఆ తర్వాత ఒక కాఫీ హోటల్లో కూర్చుని తలెత్తి చూస్తే అదే దీపం, మడత దగ్గర తను చేసిన పొరపాటుతో సహా, వరసగా పన్నెండు వేలాడుతున్నాయి. ఎవరు చేశారని అడిగితే ఆమె ఎన్నడూ వినని పేరు చెప్పారు. ఆ రోజు నుంచి కాఫీ తాగడం మానలేదు గానీ మనుషుల్ని నమ్మడం మానేసింది.

ఇప్పుడు వాళ్ళ జట్టులోకి ఒక కొత్త మనిషి వచ్చిపడ్డాడు. రావాల్సిన మూడో మనిషికి జ్వరం వస్తే, ఒంటరిగా వచ్చిన వాణ్ని ఒకణ్ని నిర్వాహకులు తీసుకొచ్చి వీళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. పేరు గుమిలార్. ముప్ఫై దాటి ఉంటాయి. ఆస్పత్రుల్లో ఎటు వెళ్ళాలో చూపించే బోర్డులు తయారుచేస్తాడట.

"కాంగ్, జట్లుగా ఆడే పోటీకి ఒక్కరే వచ్చారేం?" వయసులో పెద్దవాడు కాబట్టి అన్నా అన్నట్టు కాంగ్ అని గౌరవంగానే అడిగింది వెనింగ్, కానీ గొంతులో గౌరవం లేదు.

"నాకు జట్టు లేదు కాబట్టి," అన్నాడు గుమిలార్.

తిస్నా పగలబడి నవ్వాడు. వెనింగ్ నవ్వలేదు.

ఆమె ఆలోచన ఇదీ. కింద కూర్చుని తినే పొట్టి భోజనబల్ల ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని అడుగు భాగాన్ని తొట్టిలా గుల్లగా చేస్తే, వరద వచ్చినప్పుడు బోర్లా తిప్పగానే అదే చిన్న పడవ అవుతుంది. బియ్యం, పొయ్యి, బడి పుస్తకాలు, ఇంటి కాగితాలు అందులో పెట్టేయొచ్చు. నీళ్ళు ఎంత పెరిగితే అంత పైకి లేస్తుంది. మంచి ఆలోచన అని ఆమెకు తెలుసు, అందుకే గొంతు బాగా తగ్గించి చెప్పింది.

గుమిలార్ విన్నాడు. ఒడిలో ఉన్న ఫోన్ వైపు ఒకసారి చూసి, తలెత్తి, "కొట్టుకుపోతుంది," అన్నాడు.

"ఇంట్లో ఉన్నది ఎక్కడికి కొట్టుకుపోతుంది?"

"నీళ్ళు ఇంట్లో నిలబడి ఉండవు తెహ్. ముందు గుమ్మంలోంచి వచ్చి వెనక గుమ్మంలోంచి పోతుంటాయి. అడ్డమొచ్చిన సామానంతా వాటితోపాటే పోతుంది." పెన్సిల్ తీసుకుని ఇంటి స్తంభం గీసి, దాని చుట్టూ వదులుగా ఒక కడియం గీశాడు. కడియం నుంచి బల్లకు చిన్న కొక్కెం. "నీళ్ళు పెరిగితే ఇది జారుతూ పైకి పోతుంది. తగ్గితే కిందికి దిగుతుంది. బల్ల మాత్రం ఇల్లు దాటదు."

నాలుగు గీతల్లో అయిపోయింది. తిస్నా అతని వీపు తట్టాడు. వెనింగ్‌కు మొదట సంతోషం కలిగింది, వెంటనే జాగ్రత్తపడింది. పొద్దున్న పరిచయమైన మనిషి ఇంత మంచి సంగతిని ఇంత సులువుగా ఎందుకిస్తాడు? పైగా కాసేపటికోసారి ఫోన్ చూసుకుంటాడు, చూసుకుని బయటికి పోతాడు. చూరు కింద నిలబడి ఎవరితోనో మాట్లాడి, మొహం ముడుచుకుని తిరిగొస్తాడు. ఒకసారి వెనింగ్ చేతులు కడుక్కునే వంకతో బయటికి వెళ్ళి చూసింది. ఫోన్ చేతిలో పట్టుకుని అతను మాట్లాడుతున్నది కినాంతితో. కళ్ళద్దాలు, పెద్ద నవ్వు, కిటికీ పక్క టేబుల్ దగ్గర జట్టుకు నాయకురాలు. తనను చూడగానే ఇద్దరూ మాట ఆపేశారు. ఆపేశారని ఆమెకు అనిపించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లుక్మానా వచ్చాడు. ప్లాస్టిక్ కంపెనీలో డిజైన్ విభాగానికి పెద్ద. పోటీలో జట్లకు మెంటర్ కూడా ఆయనే. నెరిసిన జుట్టు వెనక్కి ముడివేసుకుని, బాతిక్ చొక్కా వేసుకుని, ప్రతి టేబుల్ దగ్గరా చిన్నపిల్లాడిలా నేల మీద కూర్చుంటాడు. సలహా ఇవ్వడు, అడుగుతాడంతే. అందుకే ఆయనంటే కుర్రాళ్ళకు అంత మోజు, నాన్నా అన్నట్టు బాపా అని పిలుస్తారు.

"నేనొకటి తీసుకోవచ్చా?" అని వెనింగ్ ముందున్న కాగితం పొట్లంలోంచి చిరెంగ్, అంటే నూనెలో వేయించిన పిండి ముక్క, ఒకటి తీసుకుని కారంలో ముంచాడు. "బాగుందమ్మా. బల్ల తేలడం బాగుంది. మరి... పైకప్పు కూడా కారుతుంటే?"

వెనింగ్ ఒక్క క్షణం ఆలోచించింది. "మూత పెడతాం బాపా. మడిచే మూత."

"చూశావా, నేనేం చెప్పలేదు. నువ్వే కనిపెట్టావు." ఆయన కళ్ళు మెరిశాయి. "కొట్టుకుపోకుండా?"

ఆమె కడియం సంగతి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని సంగీతం వింటున్నట్టు విన్నాడు. లేచి, మోకాళ్ళు దులుపుకుని పక్క టేబుల్‌కు వెళ్ళిపోయాడు. మూత తనకే తట్టినందుకు వెనింగ్ చాలాసేపు లోలోపల పొంగిపోయింది.

నాలుగింటికి వాన మొదలైంది. రేకుల మీద చప్పుడికి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. వేడివేడి అల్లం పానకం పోస్తున్నారంటే అందరూ అటు నడిచారు. గ్లాసు పట్టుకుని తిరిగొస్తూ వెనింగ్ కిటికీ పక్కగా నడిచింది, కావాలనే. కినాంతి జట్టు టేబుల్ మీద పరిచిన బొమ్మ చూసి ఆమె కాళ్ళు నిలిచిపోయాయి. వాళ్ళదీ తేలే పెట్టె లాంటిదే. దాని పక్కన నిలువుగా ఒక స్తంభం, స్తంభం చుట్టూ వదులుగా ఒక కడియం.

ఆమె టేబుల్ దగ్గరికి వచ్చి గ్లాసు ధడాలున పెట్టింది. గుమిలార్ లేడు, మళ్ళీ బయట ఉన్నాడు.

"అమ్మేశాడు," అంది.

"ఎవరు? దేన్ని?"

"నీ కొత్త అన్న. కడియం వాళ్ళ కాగితం మీదుంది."

తిస్నా బుర్ర గోక్కున్నాడు. "ఇద్దరికీ ఒకే ఆలోచన రాకూడదా?"

"తేలడం రావచ్చు. కడియం కూడానా? పొద్దున చూరు కింద వాళ్ళిద్దరూ గుసగుసలాడుతుంటే నా కళ్ళతో చూశాను."

"మరి కడియం అతనిదే కదా తెహ్. అతని వస్తువు అతను ఎవరికైనా ఇచ్చుకుంటాడు."

"నువ్వు ఎవరి వైపు?"

"నేను బల్ల వైపు," అన్నాడు తిస్నా. ఆమె ఇక అతనితో మాట్లాడలేదు. సాయంత్రం ఇళ్ళకు పోయేటప్పుడు కాగితాలన్నీ చుట్టచుట్టి వానకోటు లోపల దాచుకుంది. గుమిలార్ రేపు ఎన్నింటికి రమ్మంటారని అడిగితే, మీ ఇష్టం అంది.

మర్నాటికి ఆమె ఒక ఉపాయం పన్నింది. ఎవరి నోట్లోంచి ఏది బయటికి పోతోందో తేలాలంటే ఒక్కొక్కరి చెవిలో ఒక్కో అబద్ధం వేయాలి. ముందు గుమిలార్‌ను పక్కకు పిలిచింది. "కాంగ్, మీకొక్కరికే చెబుతున్నాను. బల్ల కాళ్ళు గుల్లగా చేసి వాటిలో తాగే నీళ్ళు నింపుదామనుకుంటున్నాను. ఎలా ఉంది?"

అతను ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "మీకెలా బాగుంటే అలా," అని మళ్ళీ అట్ట కోయడానికి కూర్చున్నాడు.

ఫోన్ మోగి అతను బయటికి వెళ్ళినప్పుడు లుక్మానా వచ్చాడు. నిజానికి ఆమెకు ఆయన మీద అనుమానమేమీ లేదు. లెక్క సరిపోవాలి కాబట్టి ఆయనకూ ఒకటి వేసింది.

"బాపా, గంట పెడదామనుకుంటున్నాం. నీళ్ళు తాకగానే మోగుతుంది, ఇంట్లోవాళ్ళకు మెలకువ వస్తుంది. బలెందాలో ఒక ముసలావిడ ఇంట్లో నేనే చూశాను. మంచం కోడుకు మేకగంట కట్టుకుంది. కిందున్న చెప్పులకు దారం. నీళ్ళొచ్చి చెప్పులు తేలితే గంట మోగుతుంది."

బలెందాలో ఏ ముసలావిడ ఇంటికీ ఆమె వెళ్ళలేదు. ఆ మేకగంట నోటికొచ్చింది, చెప్పేసింది. లుక్మానా తల ఊపి, "ఎంత అందంగా ఉందమ్మా," అని లేచాడు.

తర్వాత వెనింగ్ చేతులు అట్ట అతికిస్తూనే ఉన్నాయి గానీ కళ్ళన్నీ కిటికీ పక్క టేబుల్ మీదే. వేడి జిగురు వేలికంటుకుని కాలింది. మధ్యాహ్నం భోజనానికి ముందు గుమిలార్ లేచి నేరుగా కినాంతి దగ్గరికే వెళ్ళాడు. ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని, తెర మీద వేళ్ళతో పెద్దది చేసి మరీ చూస్తోంది.

ఇంక వెనింగ్ ఆగలేకపోయింది.

"ఫొటోలు కూడా తీసిస్తున్నావా?" దూరం నుంచే అరిచింది. మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "కడియం చాల్లేదా? సిగ్గుండాలి. మా టేబుల్ దగ్గర కూర్చుని, మా చిరెంగ్ తిని, మా బొమ్మలు పక్కవాళ్ళకు మోస్తావా?"

గోదాం అంతా తలలు తిప్పింది. గుమిలార్ కదల్లేదు. కినాంతి ఏదో అనబోతే చేత్తో ఆపి, ఫోన్ వెనక్కి తీసుకుని వెనింగ్ మొహం ముందు పెట్టాడు. బురద రంగు నీళ్ళలో సగం మునిగిన మెట్లు. ఫొటో కింద, ఇంకో మెట్టు మునిగిందిరా అని ఎవరో పెట్టిన మాట.

"మా అక్క ఇల్లు," అన్నాడు. "నిన్న పొద్దుటి నుంచి ఎగువన వాన. కినాంతిగారి అమ్మావాళ్ళది పక్క వీధి. ఎవరింటి దగ్గర ఎంతవరకు వచ్చిందో ఇద్దరం చెప్పుకుంటున్నాం." మెడలోని పోటీ గుర్తింపు కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఇప్పుడు నేను అక్కడుండాలి. నిన్ననే వెళ్ళాల్సింది. మీకు మనిషి తక్కువవుతాడని ఉండిపోయాను."

చెప్పులు వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

"బాగుంది తెహ్," అంది కినాంతి, మెల్లగానే. "తృప్తిగా ఉందా?"

తలదించిన వెనింగ్‌కు ఆ టేబుల్ మీది బొమ్మ కనిపించింది. పెట్టె అంచున కొత్తగా, పెన్సిల్ గీత ఇంకా మెరుస్తూ, చిన్న గంట.

"ఇది ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మాకే తట్టింది."

"అప్పుడు మీ దగ్గర ఎవరున్నారు?"

కినాంతి విసుగ్గా చూసింది. "లుక్మానా బాపా ఉన్నారు. ఇంట్లోవాళ్ళు నిద్రలో ఉంటే ఎలా అని అడిగారు. పిలవాలి కదా అన్నాను. శబ్దం అయితే బాగుంటుందేమో అన్నారు. గంట అన్నాను." చెబుతూ చెబుతూ ఆమె గొంతు నెమ్మదించింది.

"కడియం?"

"కొట్టుకుపోతే అని అడిగారు. తాడు కడతామన్నాం. తాడు చిక్కుపడితే, ఏదైనా జారేది ఉంటే, అన్నారు..." కినాంతి కుర్చీలో కూర్చుండిపోయింది. "మరి మీ మూత ఎక్కడిది తెహ్? మాకు నిన్న పదింటికే ఉంది మూత. మడిచేది."

వెనింగ్‌కు లుక్మానా మాటలు గుర్తొచ్చాయి. పైకప్పు కారుతుంటే, అన్నాడాయన. నువ్వే కనిపెట్టావు, అన్నాడు. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఆ మూతను తలుచుకుని మురిసిపోయింది తను.

ఇద్దరూ కలిసి మిగతా టేబుళ్ళ దగ్గరికి వెళ్ళారు. మొదట ఎవరూ కాగితాలు చూపించలేదు. ఇప్పుడే కదా అరిచింది, ఈమెకెందుకు చూపించాలి అన్నట్టు చూశారు. ముందు తన కాగితం తీసి అందరి ముందూ పరిస్తేగానీ లాభం లేదని వెనింగ్‌కు అర్థమైంది. పరిచింది. అప్పుడు ఒక్కొక్కరే బయటపెట్టారు. నాలుగు జట్ల దగ్గర తేలే వస్తువే ఉంది. పొయ్యికి విడిగా అర పెట్టడం టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళ ఆలోచన. పిల్లలు పట్టుకునే పిడులు తలుపు పక్క అమ్మాయిలవి. ఇప్పుడవి నలుగురి దగ్గరా ఉన్నాయి, నలుగురూ తమవే అనుకుంటున్నారు.

"తేనెటీగలా తిరిగాడు ముసలాయన," అన్నాడు తిస్నా. "మనం పువ్వులమని మురిసిపోయాం."

"ఇప్పుడేం చేద్దాం? ఫిర్యాదు?" అడిగాడు టోపీ కుర్రాళ్ళలో ఒకడు.

"ఏమని? ఆయన ప్రశ్నలడిగాడనా?" అంది కినాంతి. కాసేపు గోళ్ళు కొరికి, ఉన్నట్టుండి నవ్వింది. "నలుగురం ఒకే బొమ్మ చూపిద్దాం. ఏ ముక్క ఎవరిదో చెబుదాం. నలుగురి పేర్లతో ఒకే బల్ల."

తిస్నా శుభ్రంగా ఒక బొమ్మ గీశాడు, నాలుగు ప్రతులు తీశారు. కడియం పక్కన గుమిలార్ అని రాయమంది వెనింగ్. గంట పక్కన ఏం రాయాలని తిస్నా అడిగితే, ఖాళీగా ఉంచమంది. అందరూ తలా ఒకటి తీసుకుని ఎవరి చోటుకు వాళ్ళు వెళ్ళారు. అప్పటి నుంచి వేదిక ఎక్కేదాకా ఆమెకు మళ్ళీ అదే జబ్బు. ఈ నలుగురిలో ఎవరో ఒకరు మాట తప్పుతారు. అంతా తమదేనని చెప్పి బహుమతి పట్టుకుపోతారు. టోపీ కుర్రాళ్ళు తలలు దగ్గరపెట్టుకుని ఏదో మాట్లాడుకుంటుంటే వాళ్ళే అనుకుంది. కినాంతి ఒంటరిగా బయటికి వెళితే కాదు, ఈవిడే అనుకుంది.

ఎవరూ మాట తప్పలేదు. కినాంతి ముందు ఎక్కి మూత తమదని, కడియం గుమిలార్‌దని చెప్పింది. తర్వాత టోపీ కుర్రాళ్ళు ఎక్కి అదే బొమ్మ తెర మీద వేయగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. తలుపు పక్క అమ్మాయిలు మూడోసారి వేసేసరికి జనం బాహాటంగా నవ్వారు. నాలుగోసారి వెనింగ్, తిస్నా ఎక్కారు. ఆమె చెప్పాల్సింది రెండే మాటలు. "తేలే బల్ల మాది. మిగతావన్నీ ఎవరివో మీరు విన్నారు."

న్యాయనిర్ణేతలు మొహమొహాలు చూసుకున్నారు. లుక్మానా మాత్రం చెక్కుచెదరలేదు. నవ్వుతూ వేదిక ఎక్కి, మైకు తీసుకున్నాడు.

"నేను కోరుకున్నది సరిగ్గా ఇదే!" అన్నాడు. "పోటీ మర్చిపోయి కలిసిపోయారు. ఈ బల్ల ఈ హాలుది. దీన్ని మా కంపెనీ తప్పకుండా తయారుచేస్తుంది." చప్పట్లు మోగాయి. తాము పన్నిన వలను ఆ మనిషి శాలువాలా కప్పుకున్నాడు. ఆయన ఇంకా చెబుతున్నాడు. "ఇందులో నా పాత్ర చాలా చిన్నది. నా జ్ఞాపకాల్లోంచి అక్కడో విత్తనం ఇక్కడో విత్తనం చల్లానంతే. ఆ గంటే తీసుకోండి. చాలా ఏళ్ళ కిందట బలెందాలో ఒక ముసలావిడ ఇంట్లో చూశాను. మంచం కోడుకు మేకగంట. కింద చెప్పులకు దారం. చెప్పులు తేలితే గంట మోగేది. ఈనాటికీ నా కళ్ళకు కట్టినట్టుంది."

వెనింగ్ ఇంకా వేదిక మీదే ఉంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఆవిడ పేరేంటి బాపా?"

"పేరు..." ఆయన ఆప్యాయంగా నవ్వాడు. "ఇన్నేళ్ళయింది కదమ్మా."

"గుర్తుండదు. ఆవిడ లేదు. ఆ మేకగంటా లేదు, ఆ చెప్పులూ లేవు. ఇవాళ పొద్దున నేనే పుట్టించి మీకొక్కరికే చెప్పాను. ఎక్కడికి వెళ్తుందో చూద్దామని."

ముందు వెనక వరసలోంచి కినాంతి నవ్వు, దాని వెంట హాలంతా. లుక్మానా మైకును చేతులు మార్చుకున్నాడు. "జ్ఞాపకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి, వయసు," అన్నాడు. నవ్వు మొహం మీద ఉంది గానీ ఎక్కడ పెట్టాలో తెలియనట్టుంది. కంపెనీ నుంచి వచ్చిన ఒకావిడ గబగబా మైకు తీసుకుని, పలహారాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించింది.

బహుమతి వేరే జట్టుకు వెళ్ళింది. పరుపుల్ని గోడకు ఎత్తి తగిలించే కొక్కేలు చేశారు వాళ్ళు. రెండు రోజులూ చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేశారట, మెంటర్ ఏమడిగాడో వాళ్ళకు వినపడనే లేదు. కంపెనీ తేలే బల్ల మాట మళ్ళీ ఎత్తలేదు. లుక్మానా తెలిసే చేశాడా, లేక నిజంగానే ఏది ఎవరిదో మర్చిపోయే రకమా అని ఆ తర్వాత కినాంతి అంటుండేది. వెనింగ్ మాత్రం ఆ రెండోది ఏనాడూ నమ్మలేదు.

మర్నాడు ఆమె కినాంతిని అడిగి గుమిలార్ అక్క ఇంటి చిరునామా తెలుసుకుని బలెందా వెళ్ళింది. నీళ్ళు తగ్గాయి. వీధంతా బురద, తడిసిన పరుపులు, గోడల మీద నడుం ఎత్తున గోధుమరంగు చార. గుమిలార్ లుంగీ పైకి కట్టి, రేకు ముక్కతో ఇంట్లోంచి బురద తోస్తున్నాడు. ఆమెను చూసి ఆగాడు, మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు.

"ఎవరు?" అని లోపలి నుంచి అతని అక్క ఎంతిన్ అడిగింది.

"పోటీ దగ్గర కనిపించారు."

వెనింగ్ గుమ్మం బయటే నిలబడి చెప్పాల్సింది చెప్పింది. తప్పంతా నాదేనంది. కడియం పక్కన మీ పేరే రాశామంది. అతను అన్నీ విన్నాడు.

"కాళ్ళలో నీళ్ళు పోస్తే బల్ల ఏం తేలుతుంది తెహ్?" అన్నాడు చివరికి. "మీరు చెప్పగానే అర్థమైంది, నన్ను పరీక్షిస్తున్నారని. అయినా కూర్చుని అట్ట కోశాను. ఒక్క మాట అడిగి ఉంటే ఫోన్ చూపించేవాణ్ని. మీరు అన్నీ చేశారు, అడగడం తప్ప."

వెనింగ్ చెప్పులు విప్పి గట్టు మీద పెట్టి, గోడకు ఆనించి ఉన్న చీపురు తీసుకుంది. అతను వద్దనలేదు. ఎంతిన్ ఆమెను అనుమానంగా చూస్తూ, వెనక గది దగ్గర మొదలుపెట్టమంది. మధ్యాహ్నందాకా ఇద్దరూ బురద తోశారు. పక్కింటివాళ్ళు పంపిన అన్నం పొట్లాలు ఎంతిన్ ముగ్గురికీ సమంగా పెట్టింది. గుమిలార్ తన పొట్లం పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి తిన్నాడు.

శనివారాలు కినాంతి వాళ్ళ చెక్కసామాను షెడ్డులో నాలుగు జట్లూ కలిసి బల్ల నిజంగా తయారుచేయడం మొదలుపెట్టారు. ఏ కంపెనీ ఖర్చూ లేకుండా, ఎవరూ అడగకుండా. గుమిలార్‌కు కబురు పంపారు. మొదటి శనివారం రాలేదు, రెండోసారీ రాలేదు. ఆ తర్వాత ఒకసారి వచ్చాడు. అందరినీ పలకరించి, తిస్నా భుజం తట్టి, కడియం పని తీసుకుని కూర్చున్నాడు. మా అక్క ఇంటి స్తంభాలు నలుపలకగా ఉన్నాయి, గుండ్రటి కడియం పట్టేస్తుందని చెప్పాడు. వెనింగ్ కొలత అడిగింది, చెప్పాడు. ఆమె రాసుకుంది.

అప్పటి నుంచి వస్తూనే ఉన్నాడు. పని గురించి ఆమె ఏదడిగినా జవాబు చెబుతాడు. అంతకు మించి ఒక్క మాట కూడా మాట్లాడడు. తిస్నా అప్పుడప్పుడూ వాళ్ళిద్దరినీ నవ్వించాలని చూస్తాడు. వెనింగ్ నవ్వుతుంది. గుమిలార్ కొక్కెం బిగించుకుంటూ ఉంటాడు.